బస్సుకు నోరివ్వండి

టీజీఎస్‌ఆర్టీసీ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



కూకట్‌పల్లిలో నిలబడినవాళ్లకు 218 అంటే కోఠీ, 219 అంటే సికింద్రాబాద్. తేడా చివరి అంకె ఒక్కటే; అది తప్పితే దిగేది నగరం ఆ కొసన. ఆ అంకెను బస్సు మీద ఎక్కడ రాసినా కళ్లతో చదవాల్సిందే. చూపు లేనివాళ్లం ఇంజిన్ చప్పుడును బట్టి బస్సు వచ్చిందని పోల్చుకుంటాం. ఏ బస్సో మాత్రం పక్కవాళ్లను అడగాలి. అడిగితే చెప్పనివాళ్లు తక్కువ. కాకపోతే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న మనిషి తేరుకుని ‘ఏంటండీ?’ అనేలోపు బస్సు కదిలిపోతుంది. రాత్రి తొమ్మిది దాటాక స్టాపులో అసలు పక్కవాళ్లే ఉండరు.

అందుకే ఈ ఉత్తరం. నేను అడిగేది ఒక్కటే. స్టాపులో తలుపు తెరుచుకోగానే బస్సు తన నంబరు, తను వెళ్లే చోటు బయటివాళ్లకు వినపడేలా చెప్పాలి.

బస్సు లోపల ‘తర్వాతి స్టాప్ ఫలానా’ అని వినిపించడం మంచిదే, ఉండాల్సిందే. కానీ అది ఎక్కేసినవాళ్లకు. ఎక్కాలా వద్దా అన్నది తేలేది రోడ్డు మీద. ఈ సంగతి షేర్ ఆటోవాళ్లకు ఎప్పుడో తెలుసు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ అని గొంతు చించుకుని అరుస్తారు. ఒకప్పుడు సెట్విన్ మినీ బస్సుల ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లదీ అదే పని. వాళ్లు అరిచింది గిరాకీ కోసమే, మా కోసం కాదు. అయినా మా పని జరిగిపోయేది. ఇప్పుడు సిటీ బస్సుల్లో కండక్టర్ జనం మధ్య ఇరుక్కుని టికెట్లు కొడుతుంటారు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆ రద్దీ ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. తలుపు దగ్గరికొచ్చి కేకేయమని వాళ్లను అడగడం అన్యాయం. ఆ పని యంత్రానికి అప్పజెప్పండి.

బస్సుల జాడ చెప్పే మా గమ్యం యాప్ ఉంది కదా అంటారేమో. బస్సు ఎంత దూరంలో ఉందో తెలుసుకోవడానికి యాప్ పనికొస్తుంది. కానీ ఒకేసారి మూడు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగితే, మనది ముందుదో వెనకదో ఫోన్ చెప్పలేదు. పైగా ఒక చేతిలో తెల్ల కర్ర, రెండో చేతిలో సంచి. వాన పడితే గొడుగు. ఇక ఫోన్ ఎక్కడ పట్టుకోవాలి?

అంధుల సౌకర్యం అనగానే చాలామంది అధికారులకు ముందు బ్రెయిలీ గుర్తొస్తుంది. రోడ్డు పక్క స్టాపులో బ్రెయిలీ పలక పెడితే, అది ఎక్కడుందో చూసి చెప్పడానికి మళ్లీ కళ్లున్న మనిషే కావాలి. బస్ స్టేషన్ సంగతి వేరు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్)లో ప్లాట్‌ఫామ్ ఉన్నచోటనే ఉంటుంది. అక్కడ స్తంభానికి, చేతికి అందే ఎత్తులో, ప్రతి ప్లాట్‌ఫామ్‌కూ ఒకేచోట బ్రెయిలీ అంకె, దాంతోపాటు ఉబ్బెత్తు అంకె పెడితే నిజంగా అక్కరకొస్తుంది. మైసూరు రైల్వే స్టేషన్‌లో బ్రెయిలీ సూచికలు 2015లోనే పెట్టారు.

ఇంకో మాట. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు. అందరికీ చీకటే అనుకోకండి. చాలామందికి ఎంతో కొంత కనిపిస్తుంది. వాళ్ల శత్రువు కదిలే ఎల్‌ఈడీ బోర్డు. అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెడుతుంటే, ఒక అంకె మీద చూపు ఆనేలోపు అది వెళ్లిపోతుంది. నంబరును కదలకుండా ఉంచండి. ఊరి పేరు కావాలంటే పరుగెత్తించుకోండి. పెయింటు బోర్డయితే నల్లటి నేల మీద పసుపు అంకె, 10హెచ్‌లో హెచ్ కూడా 10 అంత పెద్దగా. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ పాత వాహనాలను కూడా మార్చాలంటుంది; కాకపోతే సాంకేతికంగా వీలైతే, ఖర్చు భరించగలిగితే, నిర్మాణంలో పెద్ద మార్పులు అక్కర్లేకపోతే అన్న సందులు వదిలింది. తలుపు పక్కన బిగించే స్పీకరు ఆ సందుల్లో దేనిలోనూ దూరదు. వికలాంగుల సౌలభ్యం కోసం రాజీవ్ రతూరి వేసిన కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగిలిపోతే కుదరదని, తప్పనిసరి నిబంధనలు పెట్టాలని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టు నివేదిక అడిగింది మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయాన్నే. సలహా కోసం మీరు ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు.

కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. ఎలక్ట్రిక్ బస్సు డీజిల్ బండిలా గర్జించదు. దాదాపు నిశ్శబ్దంగా వచ్చి ఆగుతుంది. ఊరికి అది వరమే. మాకు మాత్రం, వచ్చిందని తెలిపే ఆ ఒక్క ఆనవాలు కూడా పోతుంది. ఈ బస్సులు కిలోమీటరుకు ఇంతని చెల్లించే ఒప్పందాల మీద నడుస్తాయి గనుక, ఏం బిగించాలో కాగితం మీద లేకపోతే తర్వాత బిగించేవాడు దొరకడు. అవి రోడ్డెక్కేలోపే బయటి స్పీకరును లెక్కలోకి తీసుకోండి.

శబ్ద కాలుష్యం అన్న అభ్యంతరం రావచ్చు. హారన్లు మోగే మన రోడ్ల మీద, ఆగినప్పుడు నాలుగు సెకన్లు వినిపించే మాటకు ఆ పేరు పెట్టడం కొంచెం విడ్డూరమే. అయినా వద్దనుకుంటే ఐఐటీ ఢిల్లీ తయారుచేసిన ఆన్‌బోర్డ్ పరికరం ఉంది. ప్రయాణికుడు చేతిలోని మీట నొక్కితేనే బస్సు పలుకుతుంది. నా ఓటు మాత్రం అందరికీ వినపడే స్పీకరుకే. బోర్డు చదవడం రాని అడ్డా కూలీకి, ఊరి నుంచి కొత్తగా దిగిన ముసలమ్మకు అలాంటి పరికరం ఎవరిస్తారు?

బస్సు స్టాపు దాటి, రెండో లేన్‌లో ఆగితే మాత్రం ఏ స్పీకరూ పనిచేయదు. మాట వినపడిన వైపు మేం నడవాలంటే మధ్యలో బైకులు దూసుకుపోతుంటాయి. డ్రైవర్లకు ఈ ఒక్క సంగతి విడమరిచి చెప్పించండి: తెల్ల కర్ర కనిపిస్తే తలుపు కర్ర ముందుకు రావాలి.

మొత్తం నగరం ఒకేసారి అక్కర్లేదు. 218, 219 బస్సులతోనే మొదలుపెట్టండి. పరీక్షించే రోజు కళ్లకు గంతలు కట్టుకున్న అధికారులు కాకుండా రోజూ ఆ బస్సులెక్కే చూపులేని ఉద్యోగులు, విద్యార్థులు ఉండాలి. పిలిస్తే మలక్‌పేట నుంచి నేనూ వస్తాను. ఉదయం తొమ్మిదింటికి, రద్దీ వేళ పెట్టించండి.

ఇట్లు,
ఒక సిటీ బస్సు ప్రయాణికుడు