ఆ మినహాయింపు మన కోసం రాసింది కాదు

మాది తుక్కుగూడ. మా టెర్రస్ మీద నిలబడితే శంషాబాద్‌లో దిగే విమానాలు కనపడతాయి కానీ, సముద్రం కావాలంటే రోడ్డు మీద మూడొందల కిలోమీటర్ల పైమాటే. అలాంటి ఊళ్ళో కూర్చుని సముద్రపు వేట గురించి రాయడమేంటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు :-) ఇది తప్పు చేసినవాడు రాస్తున్న టపా. తప్పు చేశాక కూడా అది ఒప్పేనని నాతో వాదించిన మిత్రుల కోసం రాస్తున్నాను.

సంగతేంటంటే, 2025 మే నెలలో ఒక శనివారం పొద్దున్నే నేనూ, ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడూ విశాఖ ఫ్లైటెక్కాం. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు ఇరవై నిమిషాలు, అక్కణ్ణుంచి విశాఖ గంటా పావు. అక్కడ కారు మాట్లాడుకుని భీమిలి వెళ్ళాం. గాలం రాడ్లు మావే. ప్లాస్టిక్ కయాకులు మాత్రం అక్కడే అద్దెకు తీసుకున్నాం. ఇచ్చినాయన్ని "వేట నిషేధం కదా, ఫరవాలేదా?" అని నేనే అడిగాను. "మోటారు లేదు కద్సార్, మనకి వర్తించదు" అన్నాడు. అక్షరాలా నిజమే చెప్పాడు. నా బాధంతా ఆ నిజంతోనే.

తెలియనివాళ్ళకి: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపల వేట ఆపేస్తారు. 2015కి ముందు ఇంతకన్నా తక్కువ రోజులుండేది, ఆ ఏడు పెంచారు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. మరబోట్లూ, మోటారు బిగించిన పడవలూ ఒడ్డునే ఉండాలి. మోటారు లేని సంప్రదాయ పడవలకి మాత్రం మినహాయింపు. ఎందుకిచ్చారో ఊహించడం కష్టం కాదు. చేత్తో తెడ్డేసుకుని ఏ పూటకా పూట నాలుగు చేపలు పట్టుకుని బతికేవాణ్ణి రెండు నెలలు పస్తుంచలేం, పైగా వాడు పట్టేదీ తక్కువే.

ఆ సందులోంచి మేం దూరాం. నెల తిరిగేసరికి జీతం పడే ఇద్దరు మనుషులం, ఆరొందల రూపాయల ప్లాస్టిక్ చేపపిల్ల... దాన్నే లూరు అంటారు... దారానికి కట్టుకుని, "మాకు మోటారు లేదు" అంటూ.

ఆ రోజు బాగా జరిగిందని ఒప్పుకోవాలి. కయాకు మీద కూర్చుంటే సముద్రం నడుం ఎత్తులోనే ఉంటుంది. పడవలో ఉన్నట్టుండదు, నీళ్ళలోనే ఉన్నట్టుంటుంది. ఒడ్డు దగ్గర విరిగే కెరటాలు దాటేదాకా గుండె గొంతులోకొస్తుంది. మొదటిసారి మా వాడు అడ్డంగా తిరిగి బోల్తా పడ్డాడు. ఒడ్డున వల కుట్టుకుంటున్న ఒక ముసలాయన లేచొచ్చి, ఏ కెరటం తర్వాత తొయ్యాలో చెప్పాడు. మూడు పెద్దవి వదిలేసి నాలుగోదాని వెనకాల అన్నాడు. అలాగే వెళ్ళాం, చుక్క నీరు మీద పడలేదు.

ఆయన మా కయాకుని చేత్తో తడిమి చూశాడు. కూర్చునేచోట అటూ ఇటూ ఉన్న కన్నాల్లో వేలుపెట్టి, "పైనడిన నీరు దీంట్లోంచి దిగిపోద్దేటి?" అనడిగాడు. అవును తాతా అన్నాను. "అయితే తెప్పే కదా బాబూ ఇది!" అన్నాడు.

నిజంగా తెప్పే. కయాకన్న పేరు ధ్రువప్రాంతపు వేటగాళ్ళది. వాళ్ళు సీలు తోలుతో చుట్టూ మూసేసి, మనిషి పట్టేంత కన్నం వదిలి చేసుకునేవాళ్ళు. మనం అద్దెకు తెచ్చుకునే పైన కూర్చునే రకానికి దానితో చుట్టరికం పేరులోనే. నీరు లోపలికి రాకుండా ఆపడం కాదు, వచ్చిన నీటిని పోనివ్వడం, అసలు మునగని వస్తువు మీద కూర్చోవడం... ఇది దుంగలు తాళ్ళతో కట్టి చేసే తెప్ప ఆలోచన. ఇంగ్లీషువాడి క్యాటమరాన్ తమిళుల కట్టుమరమే. ఉత్తరాంధ్రలో తెప్ప దుంగల నుంచి ఫైబర్‌లోకి మారింది, దాని మీదికి మోటారూ ఎక్కింది.

ఆ మోటారు దగ్గరే వచ్చింది చిక్కు. ముసలాయన తెప్పకి చిన్న ఇంజినుంది. అంచేత ఆయన ఒడ్డున కూర్చుని వల కుట్టుకుంటున్నాడు, మేం నీళ్ళలోకి వెళ్తున్నాం. "మాకు ఏట లేదు బాబూ, జూన్ దాకా. మీదానికి ఇంజిను లేదు గాబట్టి ఎల్లొచ్చు" అన్నాడు. దెప్పుతున్నట్టు అనలేదు, రూలు చెప్పినట్టే చెప్పాడు. నాకూ ఆ క్షణంలో ఏమీ అనిపించలేదు, అదే నా సిగ్గు.

మధ్యాహ్నం లోపు రెండు చిన్న పారలు, తర్వాత గోస్తని సముద్రంలో కలిసేచోటుకి కాస్త ఇవతల ఒక పండుగప్ప. తొమ్మిదిన్నర కిలోలు. నలభై నిమిషాలు లాగింది, కయాకుని కూడా తిప్పేసింది. వీడియో తీసుకున్నాం, రీలు పెట్టాం, ఎన్ని లైకులొచ్చాయో చెప్పను. సాయంత్రం బసలో వంటావిడ కోసింది. కడుపు నిండా జన. రెండు పెద్ద తిత్తులు, పసుప్పచ్చగా. ఆవిడ సంబరపడింది, జన వేపుడు చేస్తానంది. మా వాడూ సంబరపడ్డాడు. నేను మాత్రం అప్పుడు ఫోన్లో పండుగప్ప గురించి చదవడం మొదలుపెట్టాను. ముందు చదవాల్సింది!

పండుగప్ప మగదిగా మొదలవుతుంది. కొన్నేళ్ళు మగచేపగా బతికి, బాగా పెరిగాక ఆడదిగా మారుతుంది. అంటే పెద్ద పండుగప్ప అంటే దాదాపుగా ఆడదే. లక్షల్లో గుడ్లు పెట్టేది అదే. గుడ్లు పెట్టడానికి నదీముఖాల దగ్గరి ఉప్పునీటికొస్తుంది. మరి గాలం వేసేవాడి గొప్పంతా దేంట్లో ఉంది? పెద్ద చేపలో. ఎక్కడ? నదీముఖం దగ్గర. ఎప్పుడు? పిల్లలకి సెలవులు, మనకి లీవులు దొరికే మే నెలలో. వలవాడికి చిన్నదీ పెద్దదీ కలిసే పడతాయి, మనం ఏరి ఏరి తల్లినే పట్టడానికి పోతాం.

ఇదంతా చెప్తే మా వాడి మొదటి జవాబు అందరూ ఊహించిందే. "ఒరేయ్, ట్రాలర్లు టన్నులకి టన్నులు ఎత్తుకుపోతుంటే నీ రెండు గాలాలతో సముద్రం ఖాళీ అవుతుందా?" అవదు. కానీ ఆ 61 రోజులూ ట్రాలరు రేవులో కట్టేసి ఉంది కదరా! ఎక్కువ తినేవాడు ఉపవాసం ఉన్నరోజు చూసి నేను కొంచెమే తిన్నానంటే ఎలా? పైగా రెండు గాలాలు అన్నమాట నిరుడు నిజం. ఈ రీళ్ళు చూసి ఎంతమంది టికెట్లు కొంటున్నారో, మా ఆఫీసు క్యాంటీన్‌లో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది.

రెండోది, పట్టి వదిలేస్తాం కదా అన్నది. ఇది కొంచెం మర్యాదైన వాదన. మే నెల వేడి నీళ్ళలో నలభై నిమిషాలు పోరాడి, గాలం గొంతులో దిగి, ఫోటో కోసం కయాకు మీద రెండు నిమిషాలు ఊపిరాడక ఉన్న చేప వదిలాక ఈదుకుంటూ వెళ్ళడం మనకి కనపడుతుంది. ఆ తర్వాతది కనపడదు. కొన్ని బతుకుతాయి, కొన్ని బతకవు. మిగతా పది నెలల్లో వదలండి, చాలా మంచిది. గుడ్లమీదున్నప్పుడు అసలు పట్టకపోవడమే వదలడం.

నేను మూడేళ్ళు హ్యూస్టన్‌లో ఆన్‌సైట్ చేశాను. కయాకు అలవాటైంది అక్కడే, గాల్వెస్టన్ దగ్గర ఉప్పునీళ్ళలో. అక్కడ మన తెలుగువాళ్ళు ఎంత బుద్ధిగా ఉంటారో చూడాలి! ఉప్పునీటి లైసెన్సు కొంటారు. కయాకు మీదే స్కేలు అతికించుకుంటారు. రెడ్ డ్రమ్ అనే చేపకి 20 అంగుళాల కన్నా తక్కువా 28 కన్నా ఎక్కువా ఉంటే నీళ్ళలోకే, రోజుకి మూడు దాటకూడదు. పెద్దవాటిని ఎందుకు వదలాలంటే, గుడ్లు పెట్టేవి అవే కాబట్టి. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో ఇదే మన పండుగప్పకి, వాళ్ళు బర్రముండి అంటారు, 58 సెంటీమీటర్లకి తక్కువా 120కి ఎక్కువా పట్టకూడదు. తూర్పు తీరంలో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా అసలు పట్టకూడదు. సరదాకి పట్టేవాడికి కూడా. అక్కడ వార్డెన్ కనపడితే గుండె దడదడలాడే మనిషే, విశాఖలో దిగగానే "ఇక్కడెవడడుగుతాడ్రా" అంటాడు. నన్నూ ఎవరూ అడగలేదు, కాగితమూ అడగలేదు, కొలతా అడగలేదు. ఇండియాలో కుదరదంటారా? కేరళ 2015లో 14 జాతులకీ, 2017లో మరో 44 జాతులకీ ఇంతకన్నా చిన్నది పట్టకూడదని కొలతలు పెట్టింది.

అంతదూరం ఎందుకు, మా తుక్కుగూడ వైపు చెరువులో గాలం వేసి చూడండి. మత్స్యకార సొసైటీవాళ్ళు "ఎవరు సార్ మీరు, ఎవర్నడిగి వేసిన్రు?" అని వచ్చి నిలబడతారు. వాళ్ళు చేపపిల్లలు వదిలి పెంచుకున్న చెరువది, అడిగే హక్కుంది, మనం కూడా గొణుక్కుంటూ వెళ్ళిపోతాం. సముద్రానికి గట్టు లేదు కాబట్టి ఎవరిదీ కాదనుకుంటాం. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా మరబోట్లు రాకూడదని, అది చిన్న పడవలదని ఆంధ్రా నిబంధనల్లో ఉంది. ఆ నీళ్ళకి సొంతదారులు ఎవరో రాసిపెట్టినట్టే కదా.

నిషేధకాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10 వేలయింది, 2025లో 20 వేలు చేశారు. 61 రోజులకి పంచితే రోజుకి 328 రూపాయలు, కుటుంబానికి. నా లూరు ధర దాదాపు దానికి రెండింతలు. ముసలాయన ఆ డబ్బు మీద, ఆ నిషేధం మీద నమ్మకంతో తెప్ప పైకి లాగి కూర్చున్నాడు. జూన్ 15న వెళ్ళేసరికి చేప ఉంటుందన్నది ఆయన పెట్టుబడి. దాంట్లోంచి మేం తొమ్మిదిన్నర కిలోలు, దాని కడుపులో ఉన్నదానితో సహా, ముందే తీసేసుకున్నాం. పైగా కెరటాలు దాటడం కూడా ఆయనే నేర్పాడు!

"టూరిజం వస్తే వాళ్ళకే డబ్బులు" అన్నాడు మా వాడు ఆఖరికి. కయాకుల అద్దె ఎవరికి పోయింది, బస డబ్బులు ఎవరికి పోయాయి, లెక్కేసి చెప్పమన్నాను. ముసలాయనకి మేమిచ్చింది ఒక టీ.

కయాకు వద్దనట్లేదు. మళ్ళీ వెళ్తాను కూడా. నేనడిగేది చిన్నది. ఏటా వచ్చే ఆ ఉత్తర్వులో మోటారు లేని పడవలకి అన్నచోట, వేటే జీవనోపాధిగా ఉన్నవాళ్ళవి అని ఇంకొక్క మాట చేర్చండి. కయాకులు అద్దెకిచ్చేవాళ్ళు ఆ 61 రోజులూ తెడ్డు ఇవ్వొచ్చు, గాలానికి మాత్రం ఇవ్వకూడదు. ఉత్తర్వు మారేదాకా ఆగక్కర్లేదు, ఏప్రిల్ 15న రాడ్డు అటక మీద పెట్టడానికి మనకి ఎవడి జీవో కావాలి?

ఆదివారం బయల్దేరేముందు ముసలాయన దగ్గరికెళ్ళి చేపలో జన ఉందని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు. తిడతాడనుకున్నాను. "ఉంటాది మరి, ఇప్పుడు ఉండకేటి" అన్నాడు. కాసేపు వల కుట్టుకుని, "సంక్రాంతి ఎల్లాక రండి బాబూ, సముద్రం కుదురుగా ఉంటాది. నా తెప్ప మీదే తీసుకెల్తాను" అన్నాడు.

మా వాడు వచ్చే మే రెండో వారానికి అప్పుడే టికెట్లు తీశాడు, నాక్కూడా కలిపి. కయాకులకి అడ్వాన్సు కూడా కట్టాడట. నా వాటా పోతే పోయింది, నేను రావట్లేదురా. ఇది చదువుతున్నావని తెలుసు, ఫోన్ చెయ్యి.