అటక మీది ట్రాన్సిస్టరు

చిల్లిపడిన ఇత్తడి బిందెను మన ఇళ్లలో పారవేయరు. మాటు వేయించి మళ్లీ వాడుకుంటారు. అదే ఇంట్లో తాతగారి ట్రాన్సిస్టరు రేడియోను మాత్రం పాత సామాన్లు కొనేవాడి తక్కెడలో పెట్టడానికి ఎవరూ వెనుదీయడం లేదు. ఈ నెల మేము ఆ పెట్టె తరఫున నాలుగు మాటలు చెప్పదలచినాము.

ట్రాన్సిస్టరును అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1947 డిసెంబరులో కనిపెట్టినారు. దానితో తయారై బజారుకు వచ్చిన మొదటి జేబు రేడియో ‘రీజెన్సీ టి.ఆర్.1’. అది 1954లో వచ్చింది. అందులో ఉన్నవి నాలుగే ట్రాన్సిస్టర్లు. వెల దాదాపు 50 డాలర్లు. మరుసటి ఏడే జపానునుంచి సోనీ సెట్టు బయలుదేరింది. అంతకు ముందు రేడియో అంటే వాల్వులతో నడిచే బరువైన పెట్టె. ఒక మూల కూర్చుని ఇంటిల్లిపాదినీ తన దగ్గరికి రప్పించుకునేది. ట్రాన్సిస్టరు వచ్చినాక రేడియోయే మనుషుల వెంట నడిచింది. మగ్గం దగ్గరికి, పొలం గట్టుకు, రైలు పెట్టెలోకి వెళ్లింది.

రాష్ట్రం వెలుపల స్థిరపడిన మనవంటివారికి దానివల్ల కలిగిన మేలు ఇంకొకటి ఉన్నది. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న, విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలైనవి. పగటిపూట మీడియం వేవు ప్రసారం నేలను అంటుకుని పోయి కొంత దూరంలో నీరసిస్తుంది. ఆకాశానికి ఎగసిన భాగాన్ని 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఒక పొర మింగివేస్తుంది. పొద్దు గూకినాక ఆ పొర సన్నగిల్లిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరను తాకి, అద్దం మీద పడిన వెలుగువలె, వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతవి. పగలు వినపడని తెలుగు రాత్రివేళ షోలాపురంలోనూ, కోయంబత్తూరులోనూ గరగరల నడుమ పలకడానికి కారణం ఇదే. బడిలో కన్నడమో, తమిళమో, ఒరియానో, మరాఠీయో చదువుకునే పిల్లల చెవిని, అమ్మమాట కాక మరొక తెలుగు సోకిందంటే అది ఆ పెట్టె చలవే. పద్యం ఎక్కడ విరవాలో, వార్త ఎట్లా చదవాలో ఎందరో అట్లాగే నేర్చుకున్నారు.

చేతిఫోనులో ఆకాశవాణి తెలుగు కేంద్రాలు వస్తున్నవి గదా, ఈ పాత పెట్టె దేనికని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. బరంపురం, విశాఖ ప్రాంతాల బంధువులను అడిగితే జవాబు చెప్పగలరు. 2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానులు వచ్చినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగపోయినవి. అటువంటి రోజున రెండు బ్యాటరీలతో మాట్లాడే పెట్టె ఇంట్లో ఉంటే అదే కొండంత అండ.

అటక మీదినుంచి సెట్టును దింపినవారు మొదట చేయవలసింది మీట తిప్పడం కాదు, వెనుక మూత తీయడం. ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయిన బ్యాటరీలు కారి రేకులను తినివేసి ఉంటవి. వాటిని తీసివేసి, చిలుమును ఉప్పుకాగితంతో నెమ్మదిగా గీకి, స్పిరిటు అద్దిన దూదితో తుడవాలి. కొత్తవి వేసేటప్పుడు ప్లస్సు, మైనస్సు గుర్తులు రెండుసార్లు చూసుకోవాలి. తారుమారైతే ట్రాన్సిస్టర్లు మాడిపోగలవు. ధ్వని పెంచే మీట గరగరమంటే, బ్యాటరీలు తీసి, దాన్ని ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు నయమవుతుంది. గొంతు పీలగా ఉంటే ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయినవని అనుమానించాలి. అవి చవుకగా దొరికే సరుకే. 1960ల నాటి సెట్లలో ఎ.ఎఫ్.117 రకం ట్రాన్సిస్టర్లు ఉంటే, వాటి డబ్బీలో తగరపు మీసాలు మొలిచి తీగలను కలిపివేయడం పేరుపడ్డ జబ్బు. సెట్టు చచ్చిపోయిందని తేల్చే ముందు మెకానిక్కుకు ఈ మాట చెప్పండి. వాల్వుల రేడియో అయితే మాత్రం సొంతంగా ప్లగ్గు పెట్టకండి. కొన్ని రకాలలో లోపలి ఇనుప చట్రానికే కరెంటు తగులుతుంది.

ఇక వినడం. చీకటి పడినాక సెట్టును మేడ మీదికి తీసుకుపొండి. ఎల్.ఇ.డి. దీపాలు, ఫోను చార్జర్లు మీడియం వేవుకు శత్రువులు. సెట్టును నిదానంగా తిప్పండి. లోపలి ఫెర్రైటు కడ్డీ కేంద్రానికి అడ్డంగా ఉంటే ధ్వని బలంగా వస్తుంది. దాని కొన కేంద్రం వైపు ఉంటే తగ్గిపోతుంది. రెండు కేంద్రాలు కలగలిసినప్పుడు ఈ ఉపాయంతో ఒకదాని నోరు మూయించవచ్చు. పాత సెట్టు ముఖాన మీటర్ల లెక్కే ఉంటే, 3,00,000ను కిలోహెర్ట్జుల అంకెతో భాగించండి. విజయవాడ ఎన్నో ఏళ్లు పలికిన 837 కిలోహెర్ట్జులు 358 మీటర్లకు సరి.

పాత సెట్లు సేకరించేవారికి ఒక మనవి. తోలు తొడుగును, లైసెన్సు పుస్తకాన్ని సెట్టునుంచి విడదీయకండి. ఒకప్పుడు రేడియో ఉన్నవారు ఏటేటా పోస్టాఫీసులో రుసుము చెల్లించి ఆ పుస్తకంలో స్టాంపులు అంటించుకునేవారు. 1980ల దశకంలో ఆ పద్ధతి పోయింది. అందులో తాతగారి పేరు, అప్పటి చిరునామా, సంవత్సరాలు ఉంటవి. ఏ వీథిలో ఎప్పుడు కాపురమున్నామో చెప్పే కాగితాలు మన కుటుంబాలలో ఎన్ని మిగిలినవి?

దేశంలో మీడియం వేవు ప్రసారాలు తగ్గుతూ వస్తున్నవి. వాటి చోట పెరుగుతున్న ఎఫ్.ఎం. స్వచ్ఛంగా పలుకుతుంది గాని, కొండ అడ్డు వస్తే ఆగుతుంది, రాత్రయినా దూరదేశం పోదు. ఆకాశంనుంచి మన ఊళ్లకు దిగివచ్చే తెలుగు ఇంకెన్నాళ్లు ఉంటుందో గనుక, వినదలచినవారు ఆలస్యం చేయరాదు. ఈ నెలలో ఒక రాత్రి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ముల్లు తిప్పి చూడండి. ఏ కేంద్రం, ఏ వేళకు, ఏ ఊళ్లో వినవచ్చిందో ఒక కార్డు మీద రాసి పంపండి. ఎవరికి ఏది ఇంకా అందుతున్నదో ఈ పుటలోనే ప్రకటిస్తాము.