లిపి మార్చాలంటే ముందు పుస్తకాల సంగతి చూడాలి

అజర్‌బైజాన్‌లో ఒక్క శతాబ్దంలో లిపి మూడుసార్లు మారింది. 1920లలో అరబ్బీ లిపి స్థానంలో లాటిన్ వచ్చింది. 1940లో లాటిన్‌ను తీసేసి రష్యన్ రాసే సిరిలిక్ పెట్టారు. సోవియట్ యూనియన్ కూలిన 1991లో మళ్లీ లాటిన్‌కు మళ్లారు. ఇంట్లో మాట్లాడే భాష అదే. అయినా ముత్తాత రాసిన ఉత్తరం తాత చదవలేకపోయాడు, తాత దాచుకున్న పుస్తకం మనవరాలికి కొరుకుడు పడలేదు.

లిపి మార్చడమే తప్పని వాదించడం కుదరదు. అజర్‌బైజానీ లాంటి తుర్కిక్ భాషల్లో అచ్చుల పాత్ర పెద్దది, అరబ్బీ లిపిలో అచ్చులకు గుర్తులు తక్కువ. రాసింది ఎలా పలకాలో పాఠకుడే ఊహించుకోవాలి. ఈ ఇబ్బందిని గుర్తించే నాటకకర్త మీర్జా ఫతాలీ అఖుందోవ్ 1857లో లిపి సంస్కరణను ప్రతిపాదించాడు. 1863లో ఇస్తాంబుల్ దాకా వెళ్లి పండితుల ముందు పెట్టినా ఫలితం లేకపోయింది. అది భాష కోసం పుట్టిన ఆలోచన.

1940 నాటి మార్పు అలాంటిది కాదు. 1928లోనే టర్కీ లాటిన్ లిపికి మారింది. సరిహద్దుకు ఇరువైపులా ఒకే లిపి ఉండటం మాస్కోకు రుచించలేదు. మరోవైపు, సరిహద్దులో పారే అరాస్ నదికి దక్షిణాన, ఇరాన్‌లో ఉన్న అజర్‌బైజానీలు నేటికీ అరబ్బీ లిపిలోనే రాస్తున్నారు. దాంతో ఒడ్డు మారితే సొంత భాష పుస్తకమే పరాయిదవుతోంది.

టర్కీలో మార్పు మరీ వేగంగా జరిగింది. 1928 నవంబరు 1న చట్టం వచ్చింది, డిసెంబరు నుంచి పత్రికలు, జనవరి నుంచి పుస్తకాలు కొత్త లిపిలోనే అచ్చయ్యాయి. అక్షరాస్యత పెరిగిన మాట నిజం. కానీ 1927లో దేశ నాయకుడు అతాతుర్క్ ఆరు రోజుల పాటు చేసిన సుదీర్ఘ ప్రసంగం తొలి ముద్రణ పాత లిపిలోనే వెలువడింది. లిపిని మార్చిన నాయకుడి మాటలనే తర్వాతి తరం మూలంలో చదవలేకపోయింది.

ఒక్క అక్షరం మారినా ఎంత చిక్కో అజర్‌బైజాన్‌కు అనుభవమే. ఇంగ్లిష్ చిన్న ‘ఈ’ని తిరగేసినట్టుండే అక్షరం వారి పాత లాటిన్‌లోనూ సిరిలిక్‌లోనూ ఉంది. వారి రాతలో అది అడుగడుగునా వస్తుంది. 1991లో దాన్ని తీసేసి, ‘ఏ’ మీద రెండు చుక్కలు పెట్టి వాడమన్నారు. ప్రతి మాటకూ చుక్కలు పెట్టలేక జనం విసిగిపోయారు. ఏడాది తిరక్కుండానే, 1992లో, పాత అక్షరం తిరిగొచ్చింది.

అసలు లోపం వరుసలో ఉంది. పత్రికలన్నీ పూర్తిగా లాటిన్‌కు మారింది 2001 ఆగస్టులో. పుస్తకాలను లాటిన్‌లో పెద్ద ఎత్తున పునర్ముద్రించమని అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది 2004లో. ఇది తలకిందుల వ్యవహారం. ముందు గ్రంథాలయాలు కొత్త లిపిలోకి రావాలి, పాత లిపి చదవగల ఉపాధ్యాయులు బడుల్లో మిగలాలి. గడువు ఆ తర్వాతే పెట్టాలి.

తెలుగు లిపీ మారుతూనే వచ్చింది. బండి ఱ, అరసున్న వాడుకలోంచి మెల్లగా తప్పుకున్నాయి. అవి ఉన్న పాత పుస్తకాన్ని ఈనాటి పాఠకుడు ఇబ్బంది లేకుండా చదువుకుంటాడు. ఫోన్లలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైపు చేసే అలవాటు మాత్రం వేరు. ఎవరూ చట్టం చేయలేదు, ఎవరూ చర్చించలేదు. ఆ రాతలో కల, కళ, కాల ఒక్కటే అయిపోతున్నాయి. తెలుగు ధారాళంగా మాట్లాడుతూ తెలుగు పేజీ చూస్తే తడబడే పిల్లలు హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ ఉన్నారు.

వారిని తప్పుపట్టి లాభం లేదు, నేర్పాల్సింది పెద్దలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హైస్కూలు కంప్యూటర్ పాఠాల్లో తెలుగు టైపింగ్‌ను తప్పనిసరి చేయాలి. తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కంప్యూటర్లలో ఇప్పటికే ఉంది, ఫోన్లలో తెలుగు కీబోర్డు ఉచితంగా దొరుకుతుంది. కావలసిందల్లా వారానికి ఒక పీరియడ్. వచ్చే విద్యాసంవత్సరం టైంటేబుల్ వేసేటప్పుడే విద్యాశాఖలు దానికి చోటివ్వాలి.