రీరికార్డింగ్ లేని విలన్

మన సినిమాల్లో బి.పి. ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? కూతురు ఇల్లు వదిలి వెళ్ళిపోయిందని ఉత్తరం వస్తుంది. నాన్నగారి చెయ్యి గుండెమీదికి పోతుంది. వయొలిన్లన్నీ ఒక్కసారిగా గొల్లుమంటాయి. ఫ్యామిలీ డాక్టరు కళ్ళజోడు తీసి, "ఈయనకి ఇలాంటి షాకులు తగలకూడదు" అంటాడు. ఇంటర్వెల్!

అసలు బి.పి. అలా రాదు మిత్రులారా. అది కోపమూ కాదు, షాకూ కాదు. రీరికార్డింగ్ లేకుండా పక్క తలుపులోంచి వచ్చి, ఏళ్ళ తరబడి మూల కుర్చీలో కూర్చునే విలన్ అది. జ్వరం ఉండదు. చాలామందికి తలనొప్పి కూడా ఉండదు. ఒకనాడు హఠాత్తుగా క్లైమాక్స్ చూపిస్తుంది. పక్షవాతమో, గుండెపోటో, కిడ్నీలు చెడటమో...

చిక్కెక్కడంటే, జబ్బేమో ఏ బాధా పెట్టదు. బాధ పెట్టేది మాత్ర! బాగానే తిరుగుతున్న మనిషికి మందిచ్చి రోగిని చేసినట్టుంటుంది.

"సినిమా పత్రికలో ఇదేం గోలండీ, మాకింకా పాతికేళ్ళు నిండలేదు" అంటారా? మీకు నిండలేదు సరే. మీ నాన్నగారికి? మీ అమ్మగారికి? ఈ వారం మాటలు వాళ్ళ కోసం మీకు చెబుతున్నవి.

నా సంగతే వినండి. మాది ఆదోని. పత్తి ధర పడినా పెరిగినా ఊరంతా అదే మాట్లాడుకునే చోటు. అక్కడి డాక్టరుగారు నా బి.పి. చూసి 160/100 అన్నారు. ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు. చాలలేదని నెల తర్వాత 10 చేశారు. బి.పి. దిగింది. కానీ సాయంత్రమయ్యేసరికి పాదాలు పొంగి చెప్పులు పట్టేవి కావు. అడిగితే, "ఈ మాత్రకిది మామూలే, గుండెకేమీ కాలేదు, కాళ్ళెత్తి పెట్టుకోండి" అన్నారు.

ఎమ్మిగనూరులో మా అక్క ఉంది. ఆదోని నుంచి బస్సెక్కితే గంట ప్రయాణం. నన్ను చూడగానే అక్క గుమ్మంలోనే నిలేసింది. "ఏమిరా, కాళ్ళు ఇట్ల పొంగినాయి? ఆ మాత్ర యాల మింగుతావు? నడువు, మా డాక్టరు దగ్గరికి పోదాం!"

ఆ డాక్టరుగారు చీటీ చూసి, "ఇది ఆపేయండి" అని ఎనలాప్రిల్ రాశారు. వాపు తీసింది. రెండు వారాలు గడిచాయో లేదో, పొడిదగ్గు! కఫం లేదు, జ్వరం లేదు, గొంతులో పురి పెట్టినట్టు ఒకటే దగ్గు. థియేటర్లో హీరోయిన్ మంచం మీద ఆఖరి మాటలు చెబుతోంది. హాలంతా నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడు నాకు మొదలైంది. వెనక బెంచీలోంచి ఓ కుర్రాడు, "ఓ అన్నా! టీ.బీ. హీరోయిన్‌కా, నీకా?" అన్నాడు. హాలు ఘొల్లుమంది. పాపం, హీరోయిన్ చావుకి ఏడ్చినవాళ్ళు లేకపోయారు.

తిరిగి ఆదోని వస్తే, మొదటి డాక్టరుగారు "ఇదెందుకు మార్చారు? పాతదే వేసుకోండి" అన్నారు. ఒకే హీరోకి ఇద్దరు దర్శకులు! ఒకాయన నవ్వమంటాడు, ఒకాయన ఏడవమంటాడు.

ఇద్దరిలో ఎవరిది తప్పు? చదివి, అడిగి తెలుసుకున్నాక అర్థమైందేమిటంటే... ఎవరిదీ కాదు!

ఆమ్లోడిపిన్ సన్నటి ధమనులను వదులు చేస్తుంది. రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిరలను అంతగా వదులు చెయ్యదు. వచ్చే కాలవ వెడల్పై పోయే కాలవ ఇరుకుగానే ఉంటే ఏమవుతుంది? గట్టు పక్కన ఊట! పాదాల దగ్గర వాపు అదే. మోతాదు పెరిగితే వాపూ పెరుగుతుంది. గుండె చెడి వచ్చిన వాపు కాదు గనుక, నీళ్ళు పోయించే మాత్రలకు ఇది పెద్దగా లొంగదు. అయితే ఆయాసంతోనో, ఒక్క కాలికే నొప్పితోనో వచ్చే వాపు వేరే కథ. అప్పుడు ఆలస్యం చెయ్యకూడదు.

ఇక దగ్గు. దీని వెనక ఓ పాము కథ ఉంది. పగబట్టే పాము కాదు, ప్రాణం పోసే పాము! బ్రెజిల్ దేశంలో జరరాకా అనే రక్తపింజరి జాతి పాము ఉంది. దాని విషంలో ఒక పదార్థాన్ని సెర్జియో ఫెరీరా అనే శాస్త్రవేత్త 1960లలో వేరు చేశాడు. ఆ దారిలోనే 1970లలో కాప్టోప్రిల్ తయారైంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని తమ్ముళ్ళు. ఒంట్లో రక్తనాళాలను బిగించే పదార్థాన్ని తయారుచేసే ఎంజైమును ఈ మందులు అడ్డుకుంటాయి. చిక్కల్లా ఆ ఎంజైముకి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. బ్రాడీకైనిన్ అనే దాన్ని ఊడ్చి పారేసేదీ అదే. ఊడ్చేవాణ్ణి కట్టేస్తే ఆ చెత్త ఊపిరి గొట్టాల్లో పేరుకుంటుంది. కొందరికి అదే పొడిదగ్గు. మందు మారిస్తే సాధారణంగా కొద్ది వారాల్లో పోతుంది.

మరి ఇద్దరు డాక్టర్లూ సరైనవాళ్ళే అయితే, ఎక్కడ దెబ్బతింది? కంటిన్యూటీ దగ్గర!

షూటింగు చూసినవాళ్ళకి తెలుసు. సోమవారం తీసిన షాట్లో హీరోకి ఎర్ర చొక్కా. శుక్రవారం దాని తర్వాతి షాటు తీస్తే అదే చొక్కా, అదే గుండీ, నుదుట అదే గాయం ఉండాలి. దర్శకుడు ఎంత గొప్పవాడైనా అన్నీ గుర్తుంచుకోలేడు. అసిస్టెంటు డైరెక్టరు పుస్తకంలో రాసి పెట్టుకుంటాడు. నా కథలో ఆదోని షాటు ఎమ్మిగనూరు దర్శకుడు చూడలేదు. ఎమ్మిగనూరు షాటు ఆదోని దర్శకుడికి తెలియదు. మధ్యలో పుస్తకం లేదు.

రెండు రూపాయల నోటు పుస్తకం కాలం పోయిందిగానీ, ఇరవై రూపాయలది ఒకటి కొన్నాను. ఏ తేదీన ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, బి.పి. ఎంత, వాపు ఎప్పుడు, దగ్గు ఎప్పుడు... అన్నీ రాసి ఆదోని డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన రెండు పేజీలు తిప్పి, ఆమ్లోడిపిన్ మళ్ళీ 5కి దించి, టెల్మిసార్టాన్ 40 జత చేశారు. అది ఎంజైము జోలికి పోదు గనుక దగ్గు తెప్పించడం అరుదు. పైగా వాపునీ కొంత తగ్గిస్తుంది. ఎమ్మిగనూరు డాక్టరుగారికీ అదే పుస్తకం చూపించాను. "మీరు ముందే ఇది తెచ్చి ఉంటే నేనూ ఇదే రాసేవాణ్ణి" అన్నారు. చూశారా? ఇద్దరి మధ్య గొడవ చదువులో లేదు, సమాచారంలో ఉంది. (నాకు కుదిరిన జోడీ మీ నాన్నగారికి కుదరాలని లేదు. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ కుటుంబాల మందులు గర్భిణులకు అసలే పనికిరావు.)

అయితే డాక్టర్లు నిజంగానే విభేదించే చోటు ఒకటుంది. బి.పి. ఎంతకి దించాలి? 2015లో అమెరికాలో స్ప్రింట్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. 9 వేలమందికి పైగా అందులో ఉన్నారు. పైఅంకెను 140 లోపు ఉంచడం కన్నా 120 లోపుకి దించితే గుండె జబ్బులు, మరణాలు తగ్గాయి. కానీ కళ్ళు తిరగడం, కిడ్నీ ఇబ్బందులు పెరిగాయి. 2017లో అమెరికా డాక్టర్లు 130/80 నుంచే బి.పి. అన్నారు. యూరప్ వాళ్ళు 2024లో కూడా జబ్బు అనే పేరుకి 140/90 గీతనే ఉంచారు. అంతంత పెద్దవాళ్ళే రెండు మాటలంటుంటే, ఆదోని, ఎమ్మిగనూరు మధ్య పది అంకెల తేడా వింతా? "నాకు మీరు పెట్టుకున్న లక్ష్యం ఎంత? ఎందుకు?" అని అడిగే హక్కు మనకుంది.

అడగకపోతే ఏమవుతుందో చరిత్రలో ఓ ఫ్లాష్‌బ్యాక్ ఉంది. 1944 మార్చి. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. ఆయన సొంత డాక్టరు మెకిన్‌టైర్ చెవి, ముక్కు, గొంతు నిపుణుడు. అధ్యక్షులవారు భేషుగ్గా ఉన్నారని ఆయన మాట. హోవర్డ్ బ్రూయెన్ అనే కుర్ర గుండె డాక్టరు పరీక్షిస్తే 186/108! గుండె అప్పటికే దెబ్బతింది. విశ్రాంతి కావాలని, ఉప్పు తగ్గించాలని కుర్రాడు పెద్దాయనతో పోట్లాడవలసి వచ్చింది. అన్నిటికన్నా ఆశ్చర్యం... రూజ్‌వెల్ట్ ఒక్కసారైనా "నాకేమైంది?" అని అడగలేదని బ్రూయెన్ తర్వాత రాశాడు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లింది. అప్పుడు చూస్తే 300/190. ఆ రోజుల్లో సరైన మాత్రే లేదు. ఇప్పుడు మన బజారులో ప్రతి మందుల షాపులోనూ ఉంది.

ఉండి ఏం లాభం, మింగకపోతే? మా అక్క వాళ్ళ వీధిలో మగ్గం నేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నాకొచ్చిన దగ్గే ఆయనకీ వచ్చింది. డాక్టరు కోప్పడతాడని ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశాడు. దగ్గు పోయింది. ఎనిమిది నెలల తర్వాత కుడిచెయ్యి పడిపోయింది. మగ్గం ఆడించే చెయ్యి అది. ఇంకో మాత్ర రాయించుకుంటే తీరే దగ్గు, ఇంటి సంపాదనను తీసుకుపోయింది.

అందుకే మిత్రులారా, ఇంట్లో కంటిన్యూటీ పుస్తకం మీ చేతికి తీసుకోండి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు కుర్చీకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టించి, మాట్లాడనివ్వకుండా బి.పి. చూడండి. అంతకు ముందు అరగంట టీ, బీడీ వద్దు. రెండుసార్లు చూసి రెండూ రాయండి. ఒళ్ళునొప్పులకని షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా రాయండి. అవి బి.పి. పెంచుతాయి. ఉగ్గాని పక్కన బజ్జీ, రొట్టె పక్కన ఊరగాయ... ఉప్పు రోజుకి మొత్తం చెంచాడు లోపే. మన ఎండలకి, నీళ్ళు పోయించే మాత్ర వేసుకునేవాళ్ళు లేవగానే కళ్ళు తిరుగుతున్నాయంటే వెంటనే చెప్పండి. మిరప కోతలకి గుంటూరు వైపు వలసపోయే ఇంటివాళ్ళయితే, మూటలో బియ్యంతోపాటు తిరిగొచ్చేదాకా సరిపడే మాత్రలు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. కొన్ని మాత్రలు, ముఖ్యంగా అటెనొలాల్, క్లోనిడిన్ లాంటివి, ఒక్కసారిగా ఆపితే అసలుకే మోసం.

ఒక్క మాట గుర్తుంచుకోండి. మాత్ర పడకపోతే మార్చమని అడగండి. మానేయనివ్వకండి. హీరోల పుట్టినరోజులన్నీ మీకు కంఠతా వచ్చని నాకు తెలుసు. మీ నాన్నగారి బి.పి. ఎంతో చెప్పండి చూద్దాం?

తెలియదూ? ఈ ఆదివారం మ్యాటినీకి ముందు చూసి రాయండి. వచ్చేవారం కలుద్దాం.