ఉమ్మడి దావాకు ఉమ్మడి చిట్టా వుండాలి

రాచర్ల: కందులు, మిరప, పత్తి బేరం చేసే వర్తకుని వద్ద కాటా చీటీ లేని బస్తా వుండదు. హమాలీ యెంత, తరుగు యెంత, కమీషను యెంత, లారీ బాడుగ యెంత అన్నది పైసలతో సహా చిట్టాకెక్కుతుంది. సాయంత్రం రోకడ తేలకపోతే గుమాస్తా యింటికి పోడు. అటువంటి వర్తకులే పదిమంది కలిసి కోర్టుకు పోయినప్పుడు మాత్రం యీ కట్టుబాటు గాలికి పోతున్నది. చందా వసూలవుతుంది, ఖర్చవుతుంది. వకీలు ఫీజు యెంత, కోర్టు ఫీజు యెంత, దారి ఖర్చు యెంత అని అడిగితే చెప్పగలవారు వుండరు.

ఇది యెవరినో అనడానికి వ్రాస్తున్నది కాదు. కొన్నేళ్ళ క్రిందట మా వైపు ముప్పై రెండు కొట్ల వారు ఒక స్థలం అద్దె పెంపు మీద కలిసి దావా వేసినప్పుడు చందాల పుస్తకం నా చేతిలోనే వున్నది. కొట్టుకు రెండు వేల చొప్పున వచ్చిన అరవై నాలుగు వేలు జమ వైపు పేరు పేరునా వ్రాశాను. ఖర్చు వైపు మాత్రం “కోర్టు ఖర్చులు” అని ఒకే పద్దు. గిద్దలూరు, మార్కాపురం, ఒంగోలు తిరిగినప్పుడల్లా జేబులోంచి తీసి యిచ్చినదే తప్ప కాగితం తీసుకొన్నది లేదు. దావా గెలిచాము. ఖర్చుల మెమో వేయాలి, కాగితాలు తెమ్మని వకీలు గారు కబురు చేస్తే నా దగ్గర మూడు రశీదులు తేలినవి. డిక్రీలో మాకు పడిన ఖర్చు తొమ్మిది వేలు కూడా లేదు.

నష్టం అక్కడితో ఆగలేదు. తరువాతి సమావేశంలో ఒక పెద్దాయన, “మిగతాది యెటు పోయింది నాయనా?” అని మెల్లగానే అడిగారు. నేను పైసా తినలేదు. తినలేదని చూపే కాగితం మాత్రం లేదు. ఆ తరువాత అప్పీలు ఖర్చుకు చందా అడిగితే పదకొండు కొట్ల వారు రాలేదు. వారిని తప్పు పట్టలేను.

ఒకే ప్రయోజనం వున్న పలువురి తరఫున ఒకరిద్దరు దావా నడిపే పద్ధతి సివిల్ ప్రొసీజరు కోడ్ ఆర్డరు 1 రూలు 8లో వున్నది. దీనికి కోర్టు అనుమతి కావాలి. సంబంధించిన వారందరికీ నోటీసు వెళ్ళాలి, మంది యెక్కువైతే పత్రికలో ప్రకటన వేయాలి. ఆ ఖర్చు వాదిదే. దావా మధ్యలో మానుకోవాలన్నా, రాజీ పడాలన్నా మళ్ళీ నోటీసు, మళ్ళీ వాది ఖర్చే. తీర్పు మాత్రం అందరికీ కట్టుబడి వుంటుంది. అనగా పేరు వేసుకొన్న నలుగురు ఖర్చు భరిస్తారు, యింట్లో కూర్చున్న నలభై మందికి ఫలితం దక్కుతుంది. కూర్చున్నవారి వద్ద తరువాత వాటా అడగాలంటే మాట చాలదు, లెక్క చూపాలి.

గెలిచినవారికి ఖర్చులు యిప్పించే అధికారం సెక్షన్ 35 కోర్టుకు యిచ్చింది. 1976 సవరణతో వచ్చిన ఆర్డరు 20-ఎ ఏయే ఖర్చులు కోరవచ్చునో విప్పి చెప్పింది: దావాకు ముందు యిచ్చిన నోటీసు ఖర్చు, ప్లీడింగుల టైపు, అచ్చు ఖర్చు, కోర్టు రికార్డులు చూచినందుకు కట్టిన రుసుము, కోర్టు సమను లేకుండా మనమే తెచ్చుకొన్న సాక్షుల ఖర్చు, అప్పీలుకు జతచేసే తీర్పు నకళ్ళ ఖర్చు. మన వర్తకులలో చాలామంది “ఇవన్నీ యెవరిస్తారులే” అని వదలివేసేవి సరిగ్గా యివే. 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు యింకా ముందుకు పోయి, ఖర్చులంటే వాస్తవంగా అయిన సమంజసమైన ఖర్చులని, ప్రయాణం, బస, గెలిచిన పక్షం వెచ్చించిన కాలం కూడా అందులోకి వస్తాయని చెప్పింది.

ఐతే రశీదులు కట్టగట్టి యిస్తే అంతా వస్తుందని ఆశపడరాదు. ఢిల్లీ హైకోర్టు ఒక అప్పీలులో వకీళ్ళ ఫీజుల క్రింద 45 లక్షల పైచిలుకు యిప్పిస్తే, 2011లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, రూల్సు ఒప్పుకొన్నంత మేరకే ఖర్చులని తేల్చింది. రూల్సులోని మొత్తాలు నేటి రోజులకు చాలవని, సవరించవలసి వున్నదని కూడా అదే తీర్పులో అన్నది. రూల్సు మారేదాకా కాగితం వున్నవాడికి కొంత వస్తుంది, లేనివాడికి ఆ కొంతా రాదు.

వకీలు ఫీజు సంగతి కొంచెం నిదానించి చూడాలి. “గెలిస్తే వచ్చిన దానిలో నూటికి యింత” అనే బేరం మన వర్తకులకు సహజంగానే నచ్చుతుంది, దలాలీ అలవాటు కదా. కాని మన దేశంలో అది చెల్లదు. ఫలితం మీద ఆధారపడిన ఫీజు, రాబడిలో వాటా వకీలు మాట్లాడుకోరాదని బార్ కౌన్సిల్ రూల్సు చెప్పుచున్నవి. 1954లోనే ఒక సీనియర్ అడ్వకేటు విషయంలో సుప్రీంకోర్టు దానిని వృత్తి దుష్ప్రవర్తనగా తీర్మానించింది. 2017 డిసెంబరు 5న తెలంగాణ నుంచి వచ్చిన కేసులో, మోటారు ప్రమాద పరిహారంలో శాతం లెక్కన ఫీజు అడగడం ప్రజా విధానానికి విరుద్ధమని మళ్ళీ చెప్పింది. కనుక ఫీజు ముందే అంకెలో మాట్లాడుకొని కాగితం మీద పెట్టుకోవడమే దారి.

అమెరికాలో పద్ధతి వేరు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడ్డ తరువాత అక్కడి వాటాదారులు న్యూయార్కు కోర్టులో ఉమ్మడి దావా వేశారు. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు, ఆడిటర్ల సంస్థలు 2.55 కోట్ల డాలర్లకు రాజీపడినవి. ఆ పైకంలోంచే వకీళ్ళకు ఫీజు, ఖర్చులు పోతాయి. ఐతే వకీలు అడిగినంత తీసుకొనే వీలు లేదు. ఎంత అడుగుతున్నదీ వాటాదారులందరికీ నోటీసు యివ్వాలి, వారు ఆక్షేపణ చెప్పుకోవచ్చు, తుదకు జడ్జి తేల్చాలి. అక్కడి వకీళ్ళు ఆరు నిమిషాల ముక్కలుగా పని వేళ వ్రాసుకొంటారు. వేళ సరిగా వ్రాయని వకీలు ఫీజు తగ్గించవచ్చునని 1983లో అమెరికా సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టం చేసింది. హైదరాబాదు కంపెనీ మోసానికి బొంబాయి ఎక్స్ఛేంజిలో కొన్న మన మదుపరులకు యిక్కడ అటువంటి దారి అప్పట్లో లేదు. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 245 అమలులోకి వచ్చినది 2016 జూన్ 1న. ఆ సెక్షన్ ప్రకారం దరఖాస్తు ఖర్చులు కంపెనీ గాని, తప్పు చేసినవారు గాని భరించాలి. అందుకూ లెక్క చూపక తప్పదు.

అదే 1983లో మన మార్కెట్ వర్తకుల వ్యవహారం కూడా ఢిల్లీలో తేలింది. మార్కెట్ ఫీజును నూటికి అర్ధరూపాయి నుంచి రూపాయికి పెంచడాన్ని ఆంధ్ర వర్తకులు, కమీషన్ ఏజెంట్లు గుంపుగా సవాలు చేశారు. శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసుగా దానికి పేరు. పెంపు చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఓడినవారికి ఖర్చుల డిక్రీ రాదు కనుక లెక్క యెందుకని కొందరంటారు. నా అభిప్రాయం దీనికి తిరుగుడు. గెలిచినప్పుడు సంతోషంలో యెవరూ లెక్క అడగరు. ఓడినప్పుడే అడుగుతారు.

“రశీదు అడిగితే వకీలు గారు నొచ్చుకొంటారు” అన్న సంకోచం ఒకటి వున్నది. నొచ్చుకోవలసిన పని లేదు. కక్షిదారు యిచ్చిన పైకానికి లెక్క వుంచవలసినది, ఖర్చులు, ఫీజు క్రింద మినహాయించినవి తేదీలతో వ్రాయవలసినది వకీలే. బార్ కౌన్సిల్ రూల్సులోనే ఆ మాట వున్నది. యిచ్చేటప్పుడే “యింత ఫీజుకు, యింత ఖర్చుకు” అని విడదీసి చెప్పి యివ్వాలి. కలిపి యిచ్చి తరువాత విడదీయమంటే యెవరికైనా కష్టమే. ఫీజు సర్టిఫికెట్ సకాలంలో దాఖలయిందో లేదో కూడా అడిగి చూచుకోవాలి. చెక్కు ద్వారా యిస్తే మరీ మంచిది. ఒకరోజు ఒకరికి పది వేలకు మించి నగదు యిస్తే ఆదాయపు పన్నువారు సాధారణంగా దానిని వ్యాపార ఖర్చుగా ఒప్పుకోరు.

బస్సు టికెట్టు, జిరాక్సు, భోజనం, ఆటో వంటి రశీదు రాని చిల్లర ఖర్చులకు ఆ రోజే ఒక వోచరు వ్రాసి, వెంట వెళ్ళిన రెండో మనిషిచేత సంతకం చేయించాలి. ఏ వాయిదాకు వెళ్ళినదీ, కేసు నెంబరు, ఆ రోజు యేమి జరిగినదీ రెండు ముక్కలు వ్రాస్తే అదే కేసు డైరీ కూడా అవుతుంది. 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతికి వచ్చింది. రాచర్ల నుంచి హైదరాబాదు పోయే బాధ తప్పినా, ఇద్దరు మనుషులు పోయి ఒక రాత్రి వుండి వస్తే అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు. బల్ల క్రింద యిచ్చే మామూళ్ళ సంగతి అడుగుతారేమో, దానికి ఉమ్మడి చిట్టాలో చోటు లేదు. ఇచ్చినవాడు తన సొంత లెక్కలో వేసుకోవలసిందే.

పుస్తకం ఒకరి దగ్గర, పైకం మరొకరి దగ్గర వుండాలి. నేను చేసిన తప్పు రెండూ నా దగ్గర వుంచుకోవడం. మూడు నెలలకొకసారి జమ ఖర్చుల నకలు చందా యిచ్చిన ప్రతి కొట్టుకూ పంపాలి, యివ్వనివారికి కూడా ఒకటి పంపితే నష్టం లేదు. వకీలు గారి వద్ద వున్న మన ఖాతా నకలు కావాలంటే అడిగి తీసుకొనే హక్కు మనకున్నది, నకలు ఖర్చు కడితే చాలు.