బడ్జెట్ అసిస్టెంటు రంగారావుగారు

టాటానగర్ స్టేషన్‌లో దిగిన తెలుగువానికి అది పరాయి ఊరని తోచదు. ఉక్కు కర్మాగారంలోను, రైల్వేలోను పనికై మన జిల్లాల నుండి తరలిపోయి అక్కడ స్థిరపడిన కుటుంబాలు అనేకం. బిష్టుపూర్‌లో వారు నిలుపుకున్న ఆంధ్రభక్త శ్రీరామ మందిరమే ఇందుకు సాక్ష్యం. నాడు బీహారులోను, 2000 నుండి జార్ఖండ్‌లోను ఉన్న ఆ జంషెడ్‌పూర్‌లో, 1940 దశకం చివర, టాటా కంపెనీ కార్యాలయంలో బడ్జెట్ అసిస్టెంటుగా లెక్కలు చూసుకున్న ఒక ఉద్యోగిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. ఆయన పేరు సామర్ల వెంకట రంగారావు.

1918 జూలై 3న నూజివీడులో జన్మించిన ఈ పట్టభద్రుడు కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాలలో రాటుదేలారు. అగ్నిమాపకశాఖలో అధికారిగా బందరు, విజయనగరాలలో పనిచేశారు. నాటకపు దాహం తీరక ఆ ఉద్యోగం వదలి ‘వరూధిని’లో నటించారు. 1947లో విడుదలైన ఆ చిత్రం పరాజయం పొందినది. పిలిచేవారు లేకపోయారు. అప్పుడే ఆయన జంషెడ్‌పూర్ రైలెక్కారు.

చరిత్ర వ్రాసేవారు ఈ ఘట్టాన్ని సాధారణంగా ఒకటి రెండు వాక్యాలతో దాటవేస్తారు. నటుడు దారితప్పి గుమాస్తా అయినట్లు జాలి చూపుతారు. ఈ జాలిని మేము అంగీకరించము. చిత్రసీమ తలుపు మూసినప్పుడు ఆయనకు అన్నం పెట్టినది ఆ ఉద్యోగమే. కార్యాలయం ముగిసిన పిదప అక్కడి తెలుగువారితో కలిసి నాటకాలాడి, నటనను తుప్పుపట్టనీయకుండా కాపాడుకున్నారు. డ్యూటీ దిగివచ్చి ముఖానికి రంగు పూసుకున్న మన సోదరులకు ఇది వింతగాదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ వేదికలు వినోదం కోసమేనని, వాటిపై వ్యయం దండుగని వాదించే అధికారులకు ఈ బడ్జెట్ అసిస్టెంటు ఉదంతం వినిపించవలసియున్నది.

దర్శకుడు బి.ఎ. సుబ్బారావుగారి నుండి ‘పల్లెటూరి పిల్ల’కు పిలుపు రాగానే ఆయన జీతపు రాళ్లు వదులుకొని బయలుదేరారు. అంతలో తండ్రి మరణించారు. కర్మకాండ ముగించి చేరేసరికి అనుకున్న వేషం మరొకరికి పోయినది, చిన్న వేషమే మిగిలినది. శెలవు దొరకక ఆప్తుల కడచూపుకైనా నోచుకోని మనవంటివారికి ఈ ఇరకాటం విడమరచి చెప్పనక్కరలేదు. ఆయన చిన్న వేషమే వేశారు, తిరిగి పోలేదు.

తరువాతి కథ అందరికీ తెలిసినదే. ‘షావుకారు’ (1950)లో సున్నం రంగడు. మరుసటి ఏడు ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు. అప్పటికాయన వయస్సు 32 ఏండ్లే! ‘బంగారుపాప’లో పసిబిడ్డ చేత మెత్తబడే కోటయ్య, ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడు. ఆ చిత్రంలో పాండవులు కనిపించరు. ఆ లోటు ప్రేక్షకునికి తోచనే తోచదు. క్యారెక్టర్ నటుడంటే నాయకుని ప్రక్కన నిలబడేవాడని తలచేవారు ఈ ఒక్క చిత్రం చూచిన చాలును. ‘నర్తనశాల’ (1963)లోని కీచక పాత్రకు జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడనిపించుకున్నారు. ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ చిత్రాలకు దర్శకత్వం కూడ వహించారు. 1974 జూలై 18న, 56 ఏండ్లకే, మద్రాసులో గుండెపోటుతో కన్నుమూశారు.

పద్మ బిరుదమేదీ ఆయనకు దక్కలేదు. దీనిని అన్యాయమనుటకు మేము సంకోచించము. 2013లో భారతీయ సినిమా నూరేండ్ల సందర్భంగా తపాలాశాఖ విడుదలచేసిన బిళ్లలలో ఆయన బొమ్మకు చోటు లభించినది. మరణించిన దాదాపు 39 ఏండ్లకు! బకాయిలు ఆలస్యంగా అందుట మనకు క్రొత్త కాదు గదా. ఏమైనా, ఆ గుమాస్తా బొమ్మగల బిళ్లను కౌంటరుపై చించి యిచ్చినవాడూ, దానిపై ముద్ర వేసినవాడూ, ఆ ఉత్తరాల సంచిని ఆర్.ఎమ్.ఎస్. పెట్టెలో టాటానగర్ మీదుగా చేరవేసినవాడూ మనవాడే.