పైపూతకు పూచీ ఎవరిది?

లక్షలు పోసి కొన్న కారు రెండు వేసవులు గడవకమునుపే పైకప్పుమీద వెలిసిపోయి, బానెట్టు అంచున పొక్కులు లేచి, గోటితో గీరినంతనే పొరలు పొరలుగా ఊడివచ్చుచున్నదని యజమాని మొరపెట్టుకొనునప్పుడు, ఇంజను బాగుగనే యున్నది గదా, బ్రేకులు పట్టుచున్నవి గదా, రంగు పోయినంతమాత్రమున మునిగిపోయినదేమి యని అమ్మినవారును చూచినవారును తేలికగా త్రోసివేయుట పరిపాటియైపోయినది. కలవారి మురిపెమునకు తగిలిన చిన్న దెబ్బగా లోకము దానిని లెక్కించును. ఉక్కురేకును తుప్పునుండి కాపాడునది ఆ పూతయేననియు, మారుబేరమునకు పెట్టిననాడు బండి వెలను మొట్టమొదట నిర్ణయించునది ఆ పూతయేననియు ఎరిగినవారు సైతము ఈ ఫిర్యాదును వినునప్పుడు చిరునవ్వు నవ్వుదురు. ఆ చిరునవ్వే తయారీదారునకు పెట్టనికోటయై నిలిచియున్నది.

తొలకరి వానలు పడినపిమ్మట మన అనంతపురము జిల్లాలోని వజ్రకరూరు పొలములలో జరుగు వ్యవహారము నెరిగినవారికి ఇందలి కీలకము సులభముగా బోధపడును. వాన కడిగిన నేలపై నడుము వంచి, అడుగులో అడుగు వేయుచు, ఎండ ఏటవాలుగా పడువేళ తళుక్కుమన్న ప్రతి రాతిని చేతబట్టి త్రిప్పి చూచుచు, అనంతపురము కర్నూలు జిల్లాలవారే గాక పొరుగున కర్ణాటకమునుండి వచ్చినవారును దినములతరబడి వెదకుదురు. దొరికిన రాయి వజ్రమగునో కాదో, అయినచో దాని నీరు ఎట్టిదో, లోపల మచ్చ యున్నదో లేదో దొరికినవానికి తెలియదు. భూతద్దము కంటికి ఆనించుకొని చూచు వ్యాపారికి తెలియును. వెల పలుకునది ఆ తెలిసిన నోరే. కారు కొనుగోలులో ఈ సంబంధము తిరుగబడి, ఎరిగినవాడు అమ్మువాడగుచున్నాడు, ఎరుగనివాడు కొనువాడగుచున్నాడు. ఎరుగమి వలని నష్టము మాత్రము రెండుచోట్లను సామాన్యునిదే. ఏ పొరపై ఏ పొర పడినదో, అది ఎంత వేడికి ఎంతసేపు కాగినదో, కర్మాగారము దాటినపిమ్మట త్రోవలో గీత పడిన తలుపునకు ఎవరు ఎక్కడ మరల రంగు కొట్టిరో, ఆ లెక్కలన్నియు తయారీదారుని యొద్దను డీలరు యొద్దను ఉండును. కొన్నవాని చేతికి వచ్చునది తాళముచెవులును రిబ్బను కట్టిన బండియు మాత్రమే.

ఆ పూత స్వరూపమును కొంచెము దగ్గరగా చూడవలెను. రేకును కడిగి, ఫాస్ఫేటు ద్రావణములో ముంచి, అటుపిమ్మట విద్యుత్ప్రవాహము పారు తొట్టిలో ముంచి పట్టించు మొదటి పూత తుప్పునకు అడ్డు, దానిపై ప్రైమరు, దానిపై మన కన్ను చూచు రంగు, అన్నిటికిని మీదుగా, అద్దమువలె పారదర్శకమైన క్లియర్ కోటు. ఈ నాలుగును కలిసి మిల్లీమీటరులో పదియవ వంతునకు కొంచెము పైమాట. తొట్టిపూతను సుమారు 160 నుండి 180 డిగ్రీల వేడిలోను, పై పూతలను సుమారు 140 డిగ్రీలలోను కాల్చుదురు. ఇందు ఏ పొర పలుచబడినను, ఏ పొర సరిగా కాగకపోయినను, షోరూములో దీపముల వెలుగున అది కనబడదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు పై పొరలను దాటి లోపలి తొట్టిపూతను తాకి, దాని పట్టు సడలించిననాడు మాత్రమే పై రంగు రేకులు రేకులుగా లేచును. అప్పటికి వారంటీ గడువు దాటియుండుటయు కద్దు. సంవత్సరమున సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసి, తక్కిన కాలమంతయు ఎండయే ఏలుచుండు ఈ మెట్టసీమలో, చల్లని దేశమున పదేండ్లకు బయటపడదగిన లోపము ముందే బయటపడుట సహజము. కావున ఇచ్చటి ఎండ తప్పు చేయుచున్నదని చెప్పు డీలరు మాటను నేను అంగీకరింపజాలను. ఎండయున్న దేశమున అమ్మదలచినవాడు ఎండకు ఓర్చు పూతను పూయవలసినవాడే.

ఈ విషయమున ప్రపంచ న్యాయచరిత్రలో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన వ్యాజ్యము అమెరికాలో అలబామా రాష్ట్రమందలి బర్మింగ్‌హామ్ నగరమున పుట్టినది. 1990 జనవరిలో అచ్చటి వైద్యుడొకడు 40,750 డాలర్లకు పైగా చెల్లించి నల్లని బీఎండబ్ల్యూ కారును కొత్తదిగానే కొనెను. తొమ్మిది నెలలు నడిపినను ఆయనకు ఏ లోపమును కానరాలేదు. మెరుగు పెట్టించుటకై ఒక దుకాణమునకు తీసికొనిపోగా, ఈ కారునకు ఇదివరకే మరల రంగు వేసినారని ఆ పనివాడు పసిగట్టెను. జర్మనీనుండి వచ్చు త్రోవలో ఆమ్లవర్షము వలన పూత చెడినట్లును, అమ్మకమునకు ముందే 601 డాలర్ల ఖర్చుతో సరిచేసినట్లును తేలినది. మరమ్మతు ఖర్చు కారు వెలలో నూటికి మూడు వంతులు మించనియెడల ఆ సంగతి డీలరునకు సైతము చెప్పక కొత్తకారుగా అమ్ముట 1983 నుండి తమ దేశవ్యాప్త విధానమని కంపెనీయే ఒప్పుకొన్నది. ఇట్లు అమ్ముడుపోయిన కార్లు 983, అలబామాలోనే 14. మరల రంగు వేసిన కారు వెల నూటికి పదివంతులు తరుగునని ఒక పూర్వపు డీలరు సాక్ష్యమిచ్చెను. జ్యూరీ నష్టపరిహారముగా 4,000 డాలర్లను, శిక్షారూపముగా 40 లక్షల డాలర్లను విధించెను. రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్షను సగమునకు తగ్గించెను. 1996 మే 20న అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యముతో ఆ సగమును సైతము మితిమీరినదని కొట్టివేసెను. కడకు రాష్ట్ర న్యాయస్థానము 50,000 డాలర్లకు దానిని కుదించినది.

న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ వ్యాజ్యమును శిక్షాపరిహారముల హద్దునకు ఉదాహరణముగా చదువుదురు. మనకు కావలసిన పాఠము వేరొకటి కలదు. జ్యూరీ తీర్పు వెలువడినపిమ్మట, పైకోర్టుల మాట ఏమగునో తేలకమునుపే, ఆ కంపెనీ తన మూడు వంతుల నియమమును విడిచిపెట్టి, ఎంత చిన్న మరమ్మతైనను కొనువానికి తెలుపవలెనను కొత్త విధానమును దేశమంతటను అమలుచేసినది. ఆరువందల డాలర్ల రంగుపని గురించి ఒక్క మనుష్యుడు పట్టుదలతో నిలిచినందువలన వేలాది కొనుగోలుదారులకు తెలిసికొను హక్కు సమకూడినది. డబ్బు తగ్గినది గాని మార్పు తగ్గలేదు.

మన చట్టమున ఇందుకు చోటున్నదా? ఉన్నది, గాని వెదకి పట్టుకొనవలెను. 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టములో ఉత్పత్తి బాధ్యత యను కొత్త అధ్యాయమొకటి చేర్చినప్పుడు మనమందరమును సంతోషించితిమి. అయితే ఆ అధ్యాయము క్రింద హాని యనగా వస్తువు మనుష్యులకు గాని ఇతర ఆస్తికి గాని కలిగించిన హానియే తప్ప, వస్తువు తనకు తాను చెడిపోవుట కాదని నిర్వచనమే చెప్పుచున్నది. మోటారు వాహనముల చట్టములో 2019 సవరణ చేర్చిన రీకాల్ నిబంధనయు పర్యావరణమునకో, ప్రయాణికులకో, బాటసారులకో కీడు చేయు లోపములకే వర్తించును. రంగు ఊడిన కారు ఎవరి ప్రాణమును తీయదు గనుక ఈ రెండు ద్వారములును మూసికొన్నవి. మిగిలినవి రెండు. వస్తువు నాణ్యతలో గాని ప్రమాణములో గాని ఎట్టి కొరతయైనను లోపమే యగునను నిర్వచనము మొదటిది. బాగుచేసిన పాత వస్తువును కొత్తదని చెప్పి అమ్ముట అనుచిత వ్యాపార పద్ధతి యగునను నిబంధన రెండవది. రంగు వేసి దాచిన గాయమునకు ఈ రెండవ ఆయుధము మిక్కిలి పదునైనది. దానిని మన న్యాయవాదులు ఇంకను తరచుగా వాడవలసియున్నది.

న్యాయస్థానముల వైఖరియు ఒక్క త్రోవను పోలేదు. లోపమున్న కారును సరికొత్తదని అమ్ముట సిగ్గుచేటనియు, తప్పు ఒప్పుకొనక తుదివరకు పోరాడుట మరింత విచారకరమనియు మన సుప్రీంకోర్టు 2004లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కేసులో తీవ్రముగా మందలించినది. 2006లో మారుతి కేసులో అదే న్యాయస్థానము వారంటీ షరతుల ప్రకారము లోపమున్న భాగమును మార్చిన చాలుననియు, కారునంతటిని మార్చనక్కరలేదనియు తీర్పు చెప్పినది. 2021 ఫిబ్రవరిలో, గోవాలో రెండేండ్ల పాత మోడలును కొత్తదని అంటగట్టిన వ్యవహారమున, డీలరు చేసిన దానికి, తన ఎరుకయు పాత్రయు రుజువు కానియెడల, తయారీదారు జవాబుదారి కాడని చెప్పి టాటా మోటార్సును విడిచిపెట్టినది. ఈ చివరి తీర్పును చదివినప్పుడు నాకు కలిగిన ఆందోళన చిన్నది కాదు. కంపెనీ డీలరును చూపును, డీలరు రవాణాదారును చూపును, రవాణాదారు దుమ్మును ఎండను చూపును. నడుమ నిలబడినవాడు తన ఊరి బస్సు ఎక్కి ఇంటికి మరలును.

భాగమును మార్చిన చాలునను సూత్రమును రంగుపూతకు అన్వయించునప్పుడు ఒక చిక్కు కలదు. రంగు విప్పి బిగించు భాగము కాదు. కర్మాగారములో ఖాళీ రేకుతొడుగుగా నున్నప్పుడు 140 డిగ్రీలలో కాల్చిన పూతను, తీగలును ప్లాస్టిక్కును సీట్లును బిగించియున్న నిండు బండికి మరల అట్లే వేయుట అసాధ్యము. డెంటింగు, పెయింటింగు పనివారు లప్పము పెట్టి నునుపుచేసి, వేరుజాతి రంగును చిమ్మి, 60 నుండి 80 డిగ్రీలలో ఆరబెట్టుదురు. ఎంత నిపుణుడు చేసినను రెండు తలుపుల నడుమ ఛాయాభేదము పట్టపగటి ఎండలో ప్రక్కనుండి చూచినవానికి కానవచ్చును. మందము కొలుచు చిన్న పరికరమును తాకించిన మారుబేరగాడు వెంటనే ధర తగ్గించును. కావున ఉచితముగా మరల రంగు వేయుదుమను మాట పరిహారములో ఒక భాగమే గాని పూర్తి పరిహారము కానేరదు. కొత్త పూతకు కొత్త వారంటీయు, తరిగిన వెలకు సొమ్మును దానితో చేరిననే న్యాయము నిండును.

ఇంత కరవుసీమలో, వేరుశనగ ఎండిపోయి వలసపోవు కుటుంబములున్నచోట, ఖరీదైన కార్ల రంగు గురించి ఇంత చర్చ ఏల యని అడుగువారుందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. సమాధానము కూడ ఇచ్చటి నేలలోనే యున్నది. శ్రీశైలము వెనుక నీటిని మల్యాలయొద్ద ఎత్తి, మన మెట్టల మీదుగా జీడిపల్లికి, అటనుండి గొల్లపల్లి జలాశయమునకు చేర్చు హంద్రీనీవా నీరే పెనుకొండ యొద్ద ఎర్రమంచిలోని కియా కర్మాగారమునకును ఆధారమైనది. అచ్చట 2019 నుండి కార్లు తయారగుచున్నవి. ఆ కర్మాగారపు పనిలో లోపమున్నదని నేను చెప్పుటలేదు. రైతు తన పొలమునకు ఆశించిన నీటిలో వాటాను పరిశ్రమకు విడిచిన సీమకు, మోటారు పరిశ్రమ ఏ ప్రమాణములు పాటింపవలెనో అడుగు అధికారము తక్కిన ప్రాంతములకన్న ఎక్కువగనే కలదని మాత్రము చెప్పుచున్నాను. మరియు న్యాయము ఎప్పుడును ఖర్చునకు ఓర్చుకొనగలవారి వ్యాజ్యములలోనే మొదట రూపుదాల్చినది. ఒక సంస్థ తన డైరెక్టరు సొంత వాడుకకై కొన్న మెర్సిడెస్ కారు విషయమున సుమారు రెండు దశాబ్దములు పోరాడి 2024 జూలై 9న సుప్రీంకోర్టులో గెలిచి 36 లక్షల రూపాయలు రాబట్టుకొన్నది. ఆ తీర్పు రేపు ఆటోకు, ట్రాక్టరునకు, బొలేరోకు కూడ ఊతమగును. స్వయముపాధికై బండి నడుపుకొనువానిని చట్టము వినియోగదారునిగానే ఎంచుచున్నది. లక్షాధికారి ఫిర్యాదునే తోసివేయగలిగిన కంపెనీ, భూమి తాకట్టుపెట్టి ట్రాక్టరు కొన్న రైతు మాటను చెవినిబెట్టునా?

కంపెనీని కదిలించునది ఒంటరి కోపము కాదని అమెరికాలోని మరి రెండు అనుభవములు తెలుపుచున్నవి. నడిమి ప్రైమరు పొరను మానివేసినందువలన రంగు ఊడినదని ఆరోపించుచు ఫోర్డు యజమానులు వేసిన ఉమ్మడి వ్యాజ్యమును, ఒక్కొక్కరి బండి పరిస్థితి ఒక్కొక్క తీరున నున్నదని 1998లో లూసియానాలోని ఫెడరల్ న్యాయస్థానము సామూహికముగా విచారించుటకు నిరాకరించినది. టొయోటా విషయమున, ఫలానా తెలుపు రంగులు వేసిన ఫలానా మోడళ్లు ఎండ తగిలినపిమ్మట తొట్టిపూతకును ప్రైమరునకును నడుమ పట్టు వీడుచున్నవని ఫిర్యాదులన్నియు ఒకే పోలికతో పోగుపడగా, ఆ కంపెనీయే ఆ సంగతి నంగీకరించి అచ్చటి యజమానులకు ప్రత్యేకముగా పూచీ పొడిగించినది. రంగు కోడు, తయారీ నెల, ఊడిన చోటు, ఈ మూడును వందమందివి ఒక్కటియైననాడు ఎండ, పిట్టరెట్ట, గులకరాయి అను సాకులు నిలువజాలవు.

మన 2019 చట్టపు 35వ సెక్షను ఒకే ప్రయోజనము గల అనేకుల పక్షమున ఒకరిద్దరు ఫిర్యాదు చేయుటకు, కమిషను అనుమతితో, వీలు కల్పించినది. 34వ సెక్షను కొన్నచోటనే గాక తాము నివసించుచోటనే ఫిర్యాదు చేయవచ్చునని చెప్పినది. బెంగుళూరులో కారు కొన్న వజ్రకరూరు వాసి అనంతపురములోని జిల్లా కమిషనుకే పోవచ్చును. చెల్లించిన వెల 50 లక్షలు మించనిచో అదియే వేదిక, మించినచో రాష్ట్ర కమిషను. రెండేండ్ల గడువు మాత్రము మరువరాదు. మొదటి పొక్కు లేచిననాడే తేదీతో ఛాయాచిత్రములు తీసి, వ్రాతపూర్వకముగా డీలరునకును కంపెనీకిని తెలిపి, రసీదు దాచుకొన్నవానికి ఆ గడువులోపలనే ఫిర్యాదు చేయుట తేలిక. నోటిమాటగా చెప్పి సర్వీసు సలహాదారుని భరోసా నమ్ముకొని తిరిగినవానికి కాలము శత్రువగును.

ఇంతకంటె ముఖ్యముగా ప్రభుత్వము చేయవలసిన పని యొకటి కలదు. పరీక్షలేక లోపము తేలనిచో నమూనాను ప్రయోగశాలకు పంపవచ్చునని చట్టము చెప్పుచు, ఆ రుసుమును ముందుగా ఫిర్యాదుదారునిచేతనే కట్టించుటకు వీలు కల్పించుచున్నది. లెక్కలన్నియు ఎదుటివాని పెట్టెలో నుండగా రుజువు ఖర్చు ఎరుగనివానిపై మోపుట తగదు. కర్మాగారము దాటునాటికి బండి పైకప్పు, బానెట్టు, నాలుగు తలుపులు, డిక్కీ, వీనిలో ఒక్కొక్కదాని పూతమందము కొలిచి వ్రాసిన పత్రమును, అమ్మకమునకు ముందు జరిగిన రంగుపని ఎంత చిన్నదైనను దాని వివరమును, ఇన్వాయిసుతోపాటు కొనువాని చేతికి ఇచ్చి తీరవలెనని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ మార్గదర్శకములు వెలువరింపవలెను. ఆ పత్రము లేని బండికి పూతలోపము తయారీదారునిదేనను భావనతో కమిషనులు విచారణ ప్రారంభింపవలెను. కొలుచు పరికరము చేతిలో ఇముడునది, కర్మాగారములలో నిత్యము వాడుకలో నున్నది, కొలతలు ఇదివరకే తీయుచున్నారు. కావలసినది ఆ కాగితమును కొన్నవానికిని ఇచ్చుట.